వడ్డించే చెయ్యి

కల్లంపార చర్చిలో ఆదివారం రెండో పూజ అయ్యాక పునీత యోసేపు తండ్రి పేరు మీదున్న పురుష సంఘం వాళ్ళు పాత బడి గదిలో కూచుంటారు. టీ తాగుతారు, రబ్బరు ధర పడిపోయిందని తిట్టుకుంటారు, రానివాడి గురించి నాలుగు మాటలనుకుని లేస్తారు. డిసెంబరు మొదటి ఆదివారం మాత్రం, కొత్తగా బదిలీ మీద వచ్చిన ఫాదర్ డొమినిక్ టీ గ్లాసు కింద పెట్టి ఒక ప్రస్తావన తెచ్చాడు. క్రిస్మస్ ఎవరిళ్ళల్లో వాళ్ళు చేసుకుని తలుపులేసుకోవడం కాదు, ఈసారి జంక్షన్లో ఉన్న అందర్నీ పిలుద్దామన్నాడు. గుడివాళ్ళు, మసీదువాళ్ళు, ప్లైవుడ్ ఫ్యాక్టరీలో పనిచేసే అస్సాం, బెంగాల్ కుర్రాళ్ళు, ఎవర్నీ వదలొద్దన్నాడు. పండగ మర్నాడు చర్చి ఆవరణలో పందిరేసి మధ్యాహ్నం భోజనం పెడదామన్నాడు.

"సంఘంలో ప్రతివాడూ నడుముకి తువ్వాలు కట్టుకుని వడ్డించాలి. అధ్యక్షుడు, కార్యదర్శి అని తేడా లేదు. అందరూ," అన్నాడు ఫాదర్.

గుమ్మం పక్కన బల్ల చివర కూచున్న పైలి ఆ 'అందరూ' విని తలెత్తాడు.

ఆ బల్ల చివర అతని చోటు. ఎవరూ రాసి పెట్టలేదు, ఎవరూ అక్కడే కూచోమనలేదు. సంఘంలో చేరిన రోజు ఖాళీగా ఉన్నది అదొక్కటే, ఆ తర్వాత ఎన్నేళ్ళయినా అతనికి ఖాళీగా దొరికిందీ అదొక్కటే. పైలిది వర్కిచ్చన్ తోటలో రబ్బరు చెట్లకి గాటు పెట్టి పాలు తీసే పని. వర్కిచ్చనే సంఘానికి అధ్యక్షుడు. పైలి తాత పులయవాడు, ఊరు అంటరానిదని దూరం పెట్టిన కులం. బురదలో వరి నాటుతూ నాటుతూ ఒక రోజు గట్టెక్కి వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ రోజుల్లో పూజకి వాళ్ళకి చర్చి వెనక వేరే షెడ్డుండేది. షెడ్డు ఎప్పుడో వానకి కూలిపోయింది గానీ పేరు మాత్రం కూలలేదు. సాక్షాత్తూ క్రీస్తు శిష్యుడైన అపొస్తలుడే వచ్చి తమ ముత్తాతల నెత్తిన నీళ్ళు చల్లాడని చెప్పుకునే పాత ఇళ్ళవాళ్ళు పైలివాళ్ళని ఇప్పటికీ 'కొత్త క్రైస్తవులు' అంటారు. మూడు తరాలు గడిచినా ఆ కొత్త పోలేదు. ఇంతకాలం కొత్తగా ఉన్న వస్తువు ఆ ఊళ్ళో ఇంకొకటి లేదు.

సంఘంలో అలాంటి కొత్తవాడు పైలి ఒక్కడే. అతను అందులో చేరింది పెద్దరికం కోసం కాదు, మొక్కు కోసం.

కూతురు త్రేస్య చిన్నప్పుడు జ్వరం తలకెక్కి, ఒళ్ళు తెలీకుండా పడిపోయింది. గవర్నమెంటు ఆస్పత్రి వరండాలో చాప మీద పిల్లని పడుకోబెట్టి, పైలి గోడకానుకుని యోసేపు తండ్రికి మొక్కుకున్నాడు. వెండి బొమ్మ చేయిస్తానని మొక్కే తాహతు లేదు. కొవ్వొత్తుల వరసకీ లేదు. అందుకని బాగా ఆలోచించి, తన దగ్గరున్నది మొక్కుకున్నాడు. "నీ పేరు మీద పెట్టే భోజనంలో జనానికి నా చేత్తో అన్నం వడ్డిస్తాను తండ్రీ" అన్నాడు. ఖర్చు లేని మొక్కు, ఇట్టే తీరిపోతుందనుకున్నాడు పాపం. పిల్ల లేచి కూచుంది. పెరిగింది, పెళ్ళయింది, దానికే ఇప్పుడు బడికెళ్ళే కొడుకున్నాడు. మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఎందుకంటే వడ్డించేది సంఘం వాళ్ళే. మార్చి నెలలో యోసేపు తండ్రి పండక్కి ఊరందరికీ అన్నం పెడతారు. ఆ రోజు బకెట్టు పట్టుకుని పంక్తిలోకి దిగడమంటే కల్లంపార మగవాడికి అదో హోదా. పైలి సంఘంలో చేరాడు, చందా కట్టాడు, బకెట్టు కోసం చెయ్యి చాపాడు. మొదటి ఏడు, "పొయ్యి దగ్గర నువ్వు లేకపోతే ఎలారా పైలీ?" అన్నారు. రెండో ఏడు గుండిగలు దింపే బలం ఇంకెవడికీ లేదన్నారు. ఆ తర్వాత కారణం చెప్పడం కూడా మానేసి, "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నారు. కట్టెలు కొట్టింది పైలి, అరిటాకులు కోసింది పైలి, అన్నం వార్చింది పైలి. చివర్న గుండిగలు తోమింది పైలీ, అతని భార్య ఏలీ. వండినవాడి చెయ్యి అన్నానికి పనికొచ్చింది గానీ ఆకు దగ్గరకొచ్చేసరికి పనికిరాలేదు. ఇందులో లెక్క ఏమిటో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ ఆదివారం ఇంటికి రాగానే పైలి చొక్కా విప్పకుండానే సంగతి చెప్పాడు. భోజనం పెట్టేది యోసేపు తండ్రి సంఘమే గనక మొక్కు ఇక తీరినట్టేనన్నాడు.

ఏలి కర్రపెండలం చెక్కు తీస్తోంది. తలెత్తలేదు.

"ఫాదర్ కొత్తోడు గదా," అంది. "వానాకాలం గడవనీ, ఆయనా పాతబడతాడు."

"అందరూ అన్నాడే! నేను చెవులారా విన్నాను."

"ఆ 'అందరూ'లో మనముంటామని ఎవరు చెప్పారయ్యా నీకు? పండక్కి అందరూ రండంటారు, శ్మశానంలో మాత్రం మన గుంటలు గోడవతల తవ్వుతారు."

"అది మా నాన్న కాలంలో."

"మీ నాన్న ఇప్పటికీ ఆ గోడవతలే ఉన్నాడు," అంది ఏలి.

పైలికి కోపమొచ్చింది గానీ ఏలి మీద కోపం ఎక్కువసేపు నిలబెట్టుకోవడం అతనికెప్పుడూ చేతకాలేదు. సాయంత్రం జంక్షన్‌కెళ్ళి ఒక తెల్ల తువ్వాలు కొనుక్కున్నాడు. అక్కణ్ణుంచి పరీత్ టీకొట్టుకెళ్ళాడు. మసీదుకెళ్ళే పరీత్, చర్చికెళ్ళే పైలి చిన్నప్పుడు ఒకే వాగులో ఎండ్రకాయలు పట్టినవాళ్ళు. పరీత్‌కి ఇప్పుడు టీకొట్టు పక్కనే కోళ్ళ దుకాణం కూడా ఉంది.

"క్రిస్మస్ భోజనంలో నీకు అన్నం నేనే వడ్డిస్తాను," అన్నాడు పైలి.

"అయితే మీగడంతా పైనుంచి తీసి నాకే పోస్తావన్నమాట!"

"అన్నంలో మీగడేంట్రా సన్నాసీ?"

"సరే, కోడి ముక్కలన్నా ఏరి వెయ్యి. కోళ్ళు నావే గదా," అన్నాడు పరీత్. తర్వాత పైలి భుజమ్మీది కొత్త తువ్వాలు చూసి, మొక్కు సంగతి ముందే తెలిసినవాడు గనక, టీ డబ్బులు తీసుకోలేదు.

ఇక ఏర్పాట్లు మొదలయ్యాయి. ఏర్పాట్లంటే కార్యదర్శి అవిరాచ్చనే. రిటైరైన బడిపంతులు. మాట మెత్తన, నవ్వు మెత్తన, ఎవర్నీ పల్లెత్తు మాటనడు. "ఎవరి మనసూ నొప్పించకూడదు" అన్నది ఆ నెలంతా ఆయన నోట్లో నలిగిన మాట. గొడ్డుమాంసం వద్దన్నారు, గుడివాళ్ళు వస్తున్నారు. పంది వద్దన్నారు, మసీదువాళ్ళు వస్తున్నారు. "ఇరవై అయిదు రోజులు మాంసం ముట్టకుండా ఉపవాసముండి పండగ మర్నాడు కోడితో సరిపెట్టుకోవాలా?" అని సంఘంలో కొందరు గునిశారు గానీ, వాళ్ళనీ అవిరాచ్చన్ మెత్తగానే సర్దాడు. కోడి పరీత్ దగ్గర, వాళ్ళ పద్ధతిలో కోసింది. గుడి కమిటీ గోపాల పిళ్ళైకి, వాళ్ళవాళ్ళకి శాకాహారం వేరే పొయ్యి మీద, కొత్త గిన్నెల్లో. ఒకదాంట్లో గరిటె ఇంకోదాంట్లో పడకుండా శాకాహారం గరిటెలన్నిటికీ పచ్చ దారం కట్టించాడు. ఆ దారాలు కట్టింది పైలే. కడుతూ కడుతూ, ఇంత జాగ్రత్తపడే మనుషులు మంచివాళ్ళే అయ్యుంటారని అనుకున్నాడు కూడా.

పండక్కి ముందు ఆదివారం దర్జీ వచ్చాడు. సంఘం వాళ్ళందరికీ ఒకే రంగు చొక్కాలు కుట్టించాలని వర్కిచ్చన్ ముచ్చటపడి గుడ్డ కొన్నాడు, ముదురు ఎరుపు. బల్ల వెంబడి టేపు నడిచింది. ఒక్కొక్కరే లేచి చేతులు చాపారు, పొట్టలు లోపలికి పీల్చారు, నవ్వుకున్నారు. చివర పైలి కూడా లేచి చేతులు చాపాడు. దర్జీ అవిరాచ్చన్ వైపు చూశాడు. అవిరాచ్చన్ తల అడ్డంగా ఊపాడు. దర్జీ టేపు చుట్టేశాడు.

పైలి చాపిన చేతులు దించి, వెళ్ళి అడిగాడు. అవిరాచ్చన్ అతని కంటే చిన్నవాడే, అయినా పాత ఇంటివాడు గనక పెద్దన్నని పిలిచినట్టు 'అచ్చాయా' అనాలి, ఆ ఊళ్ళో పలకరింపులు వయసుని బట్టి ఉండవు.

"అచ్చాయా, నా కొలత తీసుకోలేదు."

"నీకు వేరే ఏర్పాటుంది పైలీ."

"వేరే అంటే?"

"ఇప్పుడు చెప్తే బాగుండదు. ఆ రోజు చూద్దువుగాని. సంతోషపడతావు," అని అవిరాచ్చన్ అతని మోచెయ్యి తట్టాడు. చొక్కా మీదనే తట్టాడు, అయినా తట్టాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్తే ఏలి నవ్వింది. నవ్వు బాగాలేదు.

"వేరే! ఆ మాట మనకేమన్నా కొత్తా? వేరే షెడ్డు, వేరే గ్లాసు, వేరే గోడ. ఇప్పుడు వేరే చొక్కా."

"నీ నోట్లో మంచిమాట రాదే!"

"వస్తది. మంచి రోజు రానీ, అదీ వస్తది."

పండగనాడు పూజలో పైలి యోసేపు తండ్రి బొమ్మ ముందు నిలబడి, రేపేనని చెప్పుకున్నాడు.

ఆ రేపు రానే వచ్చింది. తెల్లారకముందే పైలి చర్చి ఆవరణలో ఉన్నాడు. పందిరి గుంజలు పాతిందీ, వేదికకి కొబ్బరాకులల్లిందీ, నక్షత్రం దీపం పైకి లాగి కట్టిందీ అతనే. ఏలి పొయ్యిల దగ్గర కొబ్బరి కోరింది, ఉల్లిపాయలు తరిగింది. ఎండ పైకొచ్చాక పైలి ఇంటికి పరిగెత్తి, స్నానం చేసి, కొత్త తెల్ల పంచె కట్టుకుని, మడత విప్పని తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. అప్పటికి పందిరి నిండిపోయింది. ఎర్ర చొక్కాలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. పైలి తిన్నగా వంటల వైపు నడుస్తుంటే ఫాదర్ డొమినిక్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"పైలి చేట్టా, ఇటు కాదు, అటు," అన్నాడు. ఆ ఊరి చర్చిలో పైలికి పెద్దరికమిచ్చి చేట్టా అని పిలిచిన మొదటి ఫాదర్ అతనే. ఆ పిలుపు కోసం పైలి ఎటు రమ్మంటే అటు వెళ్ళేవాడు. వెళ్ళాడు. వేదికెక్కించి కుర్చీలో కూచోబెట్టారు. ఇటు పక్క గోపాల పిళ్ళై, అటు పక్క పరీత్, ఆ చివర ప్లైవుడ్ ఫ్యాక్టరీ తరఫున రఫీకుల్ అనే అస్సాం కుర్రాడు.

పరీత్ వంగి చెవిలో అడిగాడు. "నువ్విక్కడేంట్రా? సంఘం ఎప్పుడు మానేశావు?"

పైలి వంటల వైపు చూశాడు.

అవిరాచ్చన్ మైకు తీసుకున్నాడు. ప్రభువు అందరివాడన్నాడు, మనుషులంతా ఒక్కటే అన్నాడు. తర్వాత అతిథుల్ని ఒక్కొక్కరినీ పిలిచి శాలువా కప్పారు. ఆలయ కమిటీ తరఫున గోపాల పిళ్ళై. ముస్లిం సోదరుల తరఫున పరీత్. వలస కార్మికుల తరఫున రఫీకుల్. జనం చప్పట్లు కొట్టారు.

"మన కొత్త క్రైస్తవ సోదరుల తరఫున శ్రీ పైలి," అన్నాడు అవిరాచ్చన్. "మా సంఘం ఆహ్వానాన్ని మన్నించి వచ్చినందుకు వారికి మా కృతజ్ఞతలు."

తెల్లవారుజామునుంచి ఆ వేదిక తాళ్ళు బిగించినవాడికి, వచ్చినందుకు కృతజ్ఞతలు! వర్కిచ్చన్ శాలువా కప్పాడు. ఫోటో తీశారు. చప్పట్లు అందరికంటే పైలికే గట్టిగా పడ్డాయి, అదొకటి. పైలి శాలువా కింద కొత్త తువ్వాలు నలిగిపోకుండా చేత్తో పట్టుకున్నాడు. అప్పటికీ అతనికి ఆశ చావలేదు. శాలువా కప్పితే కప్పారు, వడ్డించొద్దని ఎవరన్నారు అనుకున్నాడు.

విస్తళ్ళు వేశారు. అతిథులు ముందు కూచోవాలి, సంఘం వాళ్ళు ఆఖర్న తినాలి, అది పెట్టేవాళ్ళ మర్యాద. పైలి శాలువా తీసి కుర్చీ మీద పెట్టి, తువ్వాలు నడుముకి బిగించి, అన్నం బకెట్టు దగ్గరికెళ్ళి గరిటె అందుకున్నాడు. బకెట్టు కాడ మీద ఇంకో చెయ్యి పడింది.

"అయ్యయ్యో, అతిథి చేత వడ్డించుకుంటామా?" అన్నాడు అవిరాచ్చన్ నవ్వుతూ. "జనం ఏమనుకుంటారు పైలీ?"

"నేను సంఘం మనిషిని అచ్చాయా."

"కాదని ఎవరన్నారు? ఇవాళొక్క రోజు అతిథివి. గోపాల పిళ్ళై లాంటి వాళ్ళొచ్చారు. ఎవరి మనసూ నొప్పించకూడదు."

పైలి బకెట్టు వదల్లేదు. అవిరాచ్చనూ వదల్లేదు. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని నవ్వుమొహాలతో నిలబడ్డారు. ఫాదర్ చూసి గబగబా వచ్చాడు. పైలి ఆయన్ని పక్కకి పిలిచి, ఆస్పత్రి వరండా దగ్గర్నుంచి మొత్తం చెప్పాడు.

ఫాదర్ కళ్ళు చెమర్చాయి. ఆయన మంచివాడు, అందులో అబద్ధం లేదు. మంచివాళ్ళు చేసే పనులకి మందు లేదు, అదే తంటా.

"చేట్టా, ఇన్నాళ్ళూ మేమే మిమ్మల్ని చిన్నచూపు చూశాం. అందుకే ఇవాళ మీరు కూచోవాలి, మేము వడ్డించాలి. ప్రభువే శిష్యుల కాళ్ళు కడగలేదా? ఇలా సన్మానిద్దామని అవిరాచ్చన్ సార్ చెప్పినప్పుడు నాకెంత సంతోషమైందో!"

"మరి నా మొక్కు ఫాదర్?"

"మొక్కు మార్చే అధికారం ఫాదర్లకుంది. ఇంటిదగ్గర జపమాల చెప్పుకోండి, చాలు. తీరిపోయినట్టే," అని ఫాదర్ అతని తలమీద శిలువ గుర్తు వేశాడు. ఇన్నేళ్ళు మోసినదాన్ని నిలబడ్డచోట కొట్టేశాడు. తర్వాత భుజం చుట్టూ చెయ్యేసి తీసుకెళ్ళి విస్తరి ముందు కూచోబెట్టి, మొదటి ముద్దకి అన్నం తనే వడ్డించాడు. దానికీ ఫోటో తీశారు. పొరుగూరి చర్చిలో ఇంకో కార్యక్రమం ఉందని చెప్పి అక్కణ్ణుంచే వెళ్ళిపోయాడు.

"వడ్డిస్తానని ఊరించి పక్కన కూచున్నావేంట్రా?" అన్నాడు పరీత్. పైలి మొహం చూసి నవ్వు ఆపేశాడు.

"నన్ను వడ్డించనివ్వలేదు. మీరంతా ఏమన్నా అనుకుంటారంట."

"మేమా?" పరీత్ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. "మీ ఇంట్లో నేను తిన్న కర్రపెండలం ఇప్పుడు కక్కాలా ఏంటి?"

గోపాల పిళ్ళై ఆ మాట విన్నాడు. ఆయనా ఇటు తిరిగి, "నాదేముందండీ, పచ్చ దారం గరిటె అయితే ఎవరి చేతిలో ఉన్నా ఒకటే నాకు," అన్నాడు. మనసులో ఏముందో గానీ మాట మాత్రం అన్నాడు. పక్కనే కూచుని తిన్నాడు కూడా, సాంబారు రెండుసార్లు పోయించుకున్నాడు.

పైలికి మాత్రం అన్నం గొంతు దిగలేదు. ఒక ఆలోచన మాత్రం దిగింది. అతిథులకి లేని బాధ ఇంకెవరిది?

పంక్తుల మీద పంక్తులు లేచాయి. అస్సాం కుర్రాళ్ళు కడుపునిండా తిని, పందిట్లో కాసేపు చిందులేసి, ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయారు. పరీత్ వెళ్తూ పైలి చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వెళ్ళాడు. ఆవరణ ఖాళీ అయింది. ఇక మిగిలింది సంఘం వాళ్ళు. అలసిపోయి, చొక్కా గుండీలు విప్పుకుని, తమ విస్తళ్ళు తామే పరుచుకుని వరసగా కూచున్నారు. అవిరాచ్చన్ ఇద్దరు కుర్రసభ్యుల్ని వెంటబెట్టుకుని కూర తేవడానికి వంటల వైపెళ్ళాడు. అన్నం బకెట్టు బల్ల మీద ఒంటరిగా ఉంది.

పైలి లేచాడు. ఇప్పుడు అతిథులెవరూ లేరు. నొప్పించడానికి బయటివాళ్ళ మనసులు లేవు. ఉన్నదంతా తనవాళ్ళే, ఒకే బలిపీఠం ముందు ఒకే అప్పం నోట పెట్టుకునేవాళ్ళే. ఫాదర్ కొట్టేసినా సరే, మొక్కు తనది, తీర్చుకునే చెయ్యీ తనదే. బకెట్టు ఎత్తుకుని పంక్తి మొదటికొచ్చాడు.

మొదటి విస్తరి వర్కిచ్చన్‌ది. కుర్రప్పట్నుంచీ పైలి తీసిన పాలతో ఆ ఇంటి మేడలు లేచాయి. పైలి వంగి గరిటె ముంచాడు. వర్కిచ్చన్ ఒక్క క్షణం తటపటాయించాడు, అది మాత్రం నిజం. విస్తరి వైపు చూశాడు, పక్కవాడి వైపు చూశాడు. పక్కవాడు తన వైపే చూస్తున్నాడు. వర్కిచ్చన్ అరచెయ్యి విస్తరి మీద అడ్డం పెట్టాడు.

"షుగర్రా పైలీ. అన్నం మానేశాను," అన్నాడు.

రెండోవాడు కూర రానీ అన్నాడు, చెయ్యి అడ్డం పెట్టి. మూడోవాడు ఇంటికెళ్ళి తింటానన్నాడు, విస్తరి ముందు కూచునే. ఆ తర్వాత వాళ్ళు కారణాలు వెతుక్కునే శ్రమ కూడా పడలేదు. పైలి వస్తుంటే ఒక్కొక్క చెయ్యే వచ్చి ఒక్కొక్క ఆకు మీద పడింది. ఎవరూ కసురుకోలేదు. ఒక్కడైనా మొహం చిట్లించలేదు. అంతా మర్యాదగా, చిరునవ్వుతో జరిగింది. పంక్తి చివరిదాకా వెళ్ళేసరికి బకెట్టు ఎంత బరువుగా ఎత్తాడో అంత బరువుగానే ఉంది.

వెనక గిన్నెల చప్పుడైంది. పైలి తిరిగి చూశాడు. అవిరాచ్చన్ ఇంకో అన్నం బకెట్టుతో, కుర్రాళ్ళు కూరతో వడ్డించుకుంటూ వస్తున్నారు. విస్తళ్ళ మీది చేతులన్నీ లేచాయి. షుగరున్న వర్కిచ్చన్ విస్తట్లో అన్నం గుట్టగా ఉంది, దాని మీద కూర పోయించుకుంటున్నాడు.

పైలికి ఏడుపు రాలేదు. కేకలెయ్యాలని అనిపించింది, అదీ చెయ్యలేదు. బకెట్టు పట్టుకునే పందిరి దాటి వంటల వెనక్కి వెళ్ళాడు. అక్కడ ఏలి బూడిదా కొబ్బరి పీచూ తీసుకుని పెద్ద గుండిగ ముందు కూచుని ఉంది. పొద్దుట్నుంచీ ఆమె ఏమీ తినలేదు. శాలువాల వేదిక మీద ఆమెని ఎవరూ పిలవలేదు, ఆమె ఎవరి తరఫునా కాదు.

నడుముకి తువ్వాలు, చేతిలో నిండు బకెట్టు చూసి ఆమెకి అంతా అర్థమైంది. నేను ముందే చెప్పానని అనలేదు. అనే హక్కు ఆమెకుంది, అయినా అనలేదు. చెయ్యి కడుక్కుని, మిగిలిన అరిటాకులోంచి ఒకటి లాగి, నీళ్ళు చిలకరించి, బోర్లించిన గిన్నె ముందు పరుచుకుని కూచుంది.

"వడ్డించు," అంది.

"ఏలీ..."

"వడ్డించవయ్యా! జనానికి వడ్డిస్తానన్నావు గదా, నేను జనం కాదా? పిల్లని మోసి కన్నది నేను. మొక్కు నాకు చెల్లదా?"

పైలి వంగి గరిటె ముంచాడు. నాలుగు మెతుకులు ఆకు పక్కన పడ్డాయి. ఏలి వాటిని ఏరి ఆకులో వేసుకుంది. ఇంకొంచెం వెయ్యమంది. కూర లేకుండానే, ఉప్పు అద్దుకుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. అప్పుడు వచ్చాయి పైలికి కన్నీళ్ళు.

పందిట్లోంచి అవిరాచ్చన్ గొంతు వినిపించింది. ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"పైలీ! గుండిగలు ఎందాకా వచ్చాయి? చీకటిపడేలోగా స్టోరు గదికి తాళం వెయ్యాలి!"

పైలి అలవాటుగా బకెట్టు కింద పెట్టి గుండిగ వైపు అడుగేశాడు. ఏలి ఎడమ చేత్తో అతని పంచె అంచు పట్టుకుని ఆపింది. నోట్లో ముద్ద నిదానంగా నమిలి మింగింది. పందిరి వైపు మొహం తిప్పి, అందరికీ వినపడేలా గొంతెత్తింది.

"అతిథులింకా తింటన్నారు అచ్చాయా! లేచాక మీరే వచ్చి తోముకోండి!"

ఏలి ఆకు ముందుకి జరిపి, ఇంకో గరిటె వెయ్యమంది.